నేను ఎంచిన జత

మా ఆయన ఇరవై రెండేళ్ళు మెడికల్ రిప్రజెంటేటివ్‌గా తిరిగారు. పొద్దున్నే బ్యాగు భుజాన వేసుకుని రాజమండ్రిలో బయల్దేరితే ఒక రోజు తుని, ఒక రోజు రావులపాలెం, ఒక రోజు నరసాపురం. బస్సు దిగి ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి నడక. అక్కడ డాక్టరు గారి గది బయట రోగులతో పాటు నిలబడటం, పిలిస్తే లోపలికి వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడి రావడం. ఆ రెండు నిమిషాల కోసం ఇస్త్రీ చొక్కా, నల్ల బూట్లు. మా గోదావరి ఉక్కలో చెప్పులే బరువనిపిస్తాయి. ఆయన మాత్రం మే నెలలో కూడా సాక్సులు వేసుకుని వెళ్ళేవారు.

"మన మొహం ఎవరికీ గుర్తుండదు. బూట్లు మాసి ఉంటే మాత్రం గుర్తుంటుంది" అనేవారు.

అంత పట్టింపు ఉన్న మనిషి ఏనాడూ మంచి బూట్లు కొనుక్కున్నది లేదు. పైకి తోలులా కనిపించే రెగ్జిన్ బూట్లు కొనేవారు. అడుగు ఊడితే గమ్ము పెట్టి అతికించుకునేవారు. వానలు మొదలైతే లోపలికి నీళ్ళు. ఆషాఢం, శ్రావణం రెండు నెలలూ మా పెరట్లో తీగ మీద ఆయన సాక్సులు ఆరకుండా వేలాడుతూ ఉండేవి.

నాలుగేళ్ళ కిందట ఆయన్ని ఏరియా మేనేజరు చేశారు. ఆ కబురు చెప్పిన రోజే ఇంకో మాట కూడా అన్నారు.

"ఈసారి అసలు తోలు బూట్లు కొనుక్కుంటాను. చీలమండ దాకా వచ్చేవి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్ద మేనేజరు ఒకాయన వేసుకొచ్చేవాడు. బురదలో నడిచొచ్చినా గుడ్డ పెట్టి తుడిస్తే మళ్ళీ కొత్తవాటిలా ఉండేవి."

"కొనుక్కోండి. ఎవరు వద్దన్నారు?" అన్నాను.

"నువ్వు కూడా రా. నాకు ఎంచుకోవడం రాదు."

వంకాయల దగ్గర్నుంచి ఫ్యాను దాకా మా ఇంట్లో ప్రతిదీ ఆయనే చూసి, నొక్కి, తట్టి కొనేవారు. అలాంటి మనిషి ఎంచుకోవడం రాదంటూ నన్ను రమ్మంటే సంతోషం వేసింది తప్ప, ఎందుకలా అన్నారని ఆలోచించలేదు.

ఆయనకు అప్పటికి తొమ్మిదేళ్ళుగా షుగరు. ఆయన చెప్పుకుని తిరిగే మందుల్లో సగం షుగరు మందులే. ఏ మాత్ర ఒంట్లో ఎక్కడ ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి మరీ చెప్పేవారు. తన మాత్ర మాత్రం గుర్తొచ్చిన రోజు వేసుకునేవారు. మధ్యాహ్నం భోజనం ఏ మూడింటికో, బస్టాండులో ఏది దొరికితే అది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున ఎనిమిదిన్నరకల్లా నేనూ ఇల్లు వదిలేదాన్ని. ఆయన ఏం తింటున్నారో, ఏం మింగుతున్నారో చూడటానికి నాకు ఆదివారాలు తప్ప మిగిలేవి కావు.

చూడకపోయినా కళ్ళబడినవి కొన్ని ఉన్నాయి. ఒకసారి పెరట్లోంచి ఒంటి చెప్పుతో ఇంట్లోకి వచ్చేశారు. రెండోది కుళాయి దగ్గరే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. "రెండో కాలి చెప్పు ఏదండీ?" అని నేను నవ్వితే కిందకి చూసుకుని ఆయన కూడా నవ్వారు. ఇంకోసారి అంతర్వేది వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం సముద్రపు ఇసుకలో మేమందరం కాళ్ళు కాలి గెంతుతుంటే ఆయన తీరిగ్గా నడిచొచ్చారు. మా అమ్మాయి "నాన్నకి కాలదు చూడమ్మా!" అని గొప్పగా చెప్పింది. నేనూ గొప్పగానే విన్నాను.

బూట్ల కోసం మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఒక పాత షాపుకి వెళ్ళాం. ఆదివారం పొద్దున పదిన్నర అయింది. షాపు పెద్దాయనకు డెబ్బై ఏళ్ళుంటాయి. మా ఆయన కాళ్ళకేసి ఒకసారి చూసి, "బూట్లు కొనడానికి సాయంత్రం రావాలండి సార్. రోజంతా తిరిగాక కాలు కొంచెం పొంగుతుంది. అప్పుడు పట్టిందే అసలు కొలత" అన్నారు.

"సాయంత్రం కుదరదండి. పర్లేదు, చూపించండి" అన్నారు మా ఆయన.

పెద్దాయన లోపలికి వెళ్ళి రెండు పెట్టెలు తెచ్చారు. ముదురు గోధుమ రంగు బూట్లు, లేసులవి. ఒకటి చేతిలోకి తీసుకుని వేళ్ళ దగ్గర వంచి చూపించారు. "చూడండి, మంచి తోలైతే సన్నగా ముడతపడి మళ్ళీ తేరుకుంటుంది. నాసిరకం అయితే గీత అలాగే ఉండిపోతుంది. లోపల కూడా తోలేనండి. అడుగు గమ్ముతో అతికించింది కాదు, చుట్టూ కుట్టు వేసింది. అరిగిపోతే విప్పించి కొత్తది వేయించుకోవచ్చు. పై భాగం పదేళ్ళు చెక్కుచెదరదు."

మా ఆయన బూటు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. చంటిపిల్లాడి తల వాసన చూసినట్టు చూశారు. నాకు ముచ్చటేసింది.

మొదట ఎనిమిదో నంబరు వేసుకున్నారు. ఎప్పుడూ కొనే నంబరు అదే. లేసులు కట్టి నిలబడ్డాక పెద్దాయన కింద కూర్చుని, చిటికెనవేలు ఉండే చోట బూటు మీద బొటనవేలితో నొక్కారు.

"ఇక్కడ ఎముక తగుల్తోందండి. నొప్పిగా లేదూ?"

"లేదండి. హాయిగా ఉంది."

"హాయిగా ఉండటానికి వీల్లేదండీ, బిగుసుకుపోయి ఉంది" అంటూ పెద్దాయన విప్పించారు. సాక్సు తీయించి చూస్తే చిటికెనవేలి పక్కన రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కందింది. నేను చూశాను. కొత్తవి కదా, నాలుగు రోజులు వేసుకుంటే అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

"ఈ తొమ్మిది చూడండి" అని రెండో పెట్టె విప్పారు. అది వేసుకుని మా ఆయన షాపులో అటూ ఇటూ నడిచారు. చీలమండ దగ్గర కొంచెం వదులుగా ఉంది. ముందు భాగం వెడల్పుగా కనిపించింది. ఎవరివో అడిగి తెచ్చుకుని వేసుకున్నట్టు అనిపించింది నాకు. ఎనిమిదో నంబరు ఉన్నప్పుడు కాలు తీర్చినట్టుంది. ప్యాంటు అంచు బూటు మీద అందంగా వాలింది. ఆయన అంత దర్జాగా నిలబడటం పెళ్ళినాటి ఫోటోలో తప్ప ఎక్కడా చూడలేదు.

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు. ఏవి బాగున్నాయి?"

"మొదటివే బాగున్నాయండి" అన్నాను.

"పెద్దవి తీసుకుంటేనే మంచిదమ్మా" అన్నారు షాపాయన.

"వాడుతుంటే సాగుతాయి కదండీ?"

"సాగుతాయనుకోండి. కానీ అవి సాగేదాకా కాలు ఓర్చుకోవాలి కదా."

"ఓర్చుకుంటుందిలెండి" అన్నాను నేనే. కాలు ఆయనది. మాట నాది.

ఇంటికి తెచ్చాక ఆ రెండు బూట్లనీ కాగితం పరిచి టేబులు మీద పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. మర్నాడు తుని వెళ్ళారు. బుధవారం రావులపాలెం. ఎవరో డాక్టరు గారు బూట్లు చూసి ఎక్కడ కొన్నావని అడిగారట. అది రెండుసార్లు చెప్పారు. శుక్రవారం నరసాపురం. ఆ రోజు పొద్దుట్నుంచీ వాన. ఊళ్ళో పని చూసుకుని, పంటు పడవ మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు కూడా వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరారు. "ఇంత వానలో తిరిగినా పైన చుక్క ఆగలేదు చూడు. లోపల మాత్రం కొంచెం తడిసినట్టుంది" అంటూ సాక్సులు విప్పి పడేసి స్నానానికి వెళ్ళారు.

ఆ సాక్సులు నేను బకెట్లో నానేశాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. రంగు దిగుతోందేమో అనుకుని పైకి తీశాను. నల్ల సాక్సుకి ఎర్ర రంగు ఎలా దిగుతుంది? ముందు వైపు ఏదో జిగటగా గడ్డకట్టి ఉంది.

"ఏవండీ, ఈ రక్తం ఏంటి?"

ఆయన తువ్వాలు చుట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుని కుడికాలు పైకెత్తి చూసుకున్నారు. చిటికెనవేలి పక్కన తోలు లేచిపోయి లోపలి మాంసం కనిపిస్తోంది. ఆయన దానివైపు ఎవరి కాలో చూస్తున్నట్టు చూశారు.

"నొప్పి లేదే" అన్నారు.

"లేకపోవడం ఏంటండీ? అంత పుండు పడితే!"

"లేదంటున్నాను కదా. బ్యాగులో మందు ఉంది, రాసుకుంటాను."

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. నవ్వారు. "ఆయనకి ఈ మందు గురించి చెప్పేదే నేను" అన్నారు. శాంపిల్ డబ్బాలోంచి యాంటీబయాటిక్ తీసి వేసుకున్నారు. దూది పెట్టి, పైన ప్లాస్టరు వేసుకుని, సోమవారం మళ్ళీ అవే బూట్లు వేసుకుని వెళ్ళారు. కొత్తగా మేనేజరు అయ్యాక మొదటి నెలలోనే సెలవు పెడితే బాగుండదన్నారు. నేను గట్టిగా ఆపలేదు. ఆపి ఉంటే ఆగేవారో లేదో నాకు తెలియదు. నేను ఆపలేదన్నది మాత్రం తెలుసు.

ఎనిమిది రోజులు అలా గడిచాయి. తొమ్మిదో రోజు, మళ్ళీ ఆదివారం, ముందు గదిలో వాసన మొదలైంది. చచ్చిన ఎలుక వాసన. నేనూ మా అమ్మాయీ బీరువా జరిపాం, టీవీ స్టాండు జరిపాం, అటక మీద అట్టపెట్టెలన్నీ దించాం. ఎక్కడా ఏమీ లేదు. ఆయన సోఫాలో కాలు చాపుకుని పేపరు చదువుతున్నారు. పక్కనుంచి చీపురు పట్టుకుని వెళ్తున్న మా అమ్మాయి ఆగిపోయింది. నాకేసి చూసింది. ఆయన కాలి వైపు చెయ్యి చూపించింది.

నేను కట్టు విప్పాను. వేలు నల్లబడిపోయింది. పాదం మీద సగం దాకా ఎరుపు పాకింది. ఆయన ఒళ్ళు కాలిపోతోంది. చలిగా ఉంది, ఫ్యాను తగ్గించమని అప్పటికి గంట నుంచీ అంటూనే ఉన్నారు.

తెలిసిన డాక్టరు గారే చూశారు. మా ఆయన పదిహేనేళ్ళుగా వెళ్తున్న ఆసుపత్రి. కాలు అటూ ఇటూ తిప్పి చూశారు. చేతికున్న గ్లవుజు విప్పి, "ఏమయ్యా, నా గది బయట ఇన్నేళ్ళు కూర్చున్నావు కదా. ఒక్క రోజు లోపలికొచ్చినప్పుడు బ్యాగు కింద పెట్టి కాలు చూపించలేకపోయావా?" అన్నారు.

"మీ టైము వేస్టవుతుందని సార్" అన్నారు మా ఆయన.

డాక్టరు గారు నా వైపు తిరిగి మెల్లగా చెప్పారు. షుగరు వల్ల పాదాల్లో నరాలు చచ్చుబడ్డాయనీ, ఆ కాలికి ముల్లు గుచ్చినా తెలియదనీ, ఇది నిన్న మొన్నటిది కాదనీ. నాకు ఒంటి చెప్పు గుర్తొచ్చింది. అంతర్వేది ఇసుక గుర్తొచ్చింది. నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

మొదట వేలు తీశారు. అది ఆగలేదు. ఇంకో వారానికి సగం పాదం తీశారు. అదీ ఆగలేదు. ప్రాణం కావాలంటే మోకాలి కింద దాకా తీయాలన్నారు. మూడుసార్లూ సంతకం నేనే పెట్టాను. మూడోసారి కాగితం మీద పేరు సగం రాసి ఆగిపోతే నర్సు నా చెయ్యి పట్టుకుని "రాసెయ్యండమ్మా, లేటవుతోంది" అంది.

మూడో ఆపరేషన్ అయిన మర్నాడు బట్టల కోసం ఇంటికి వచ్చాను. గుమ్మం పక్కన స్టాండు మీద బూట్లు ఉన్నాయి. కుడిదాన్ని తీసుకుని మొదటిసారి లోపల చెయ్యి పెట్టాను. చిటికెనవేలు వచ్చే చోట రెండు తోలు ముక్కలు కలిసే కుట్టు ఉంది. కుట్టు చాలా నున్నగా, చాలా గట్టిగా ఉంది. ఒక్క పోగు లేవలేదు. లోపలి తోలు మీద మరక తప్ప ఆ బూటులో ఏ లోపమూ లేదు. షాపాయన చెప్పింది అక్షరాలా నిజం, అది పదేళ్ళు వచ్చే బూటే. లోపం ఉండి ఉంటే ఎవరినైనా తిట్టుకునేదాన్ని. బూటు మళ్ళీ స్టాండు మీద పెట్టి, బట్టలు సర్దుకుని ఆసుపత్రికి వెళ్ళాను.

మళ్ళీ ఇంటికి వచ్చేసరికి బూట్లు అక్కడ లేవు. మా అమ్మాయి చెత్త బండిలో వేసేసిందట. నన్ను అడగకుండా వేసినందుకు దానిమీద కేకలేశాను.

ఆయన ఇంటికి వచ్చిన రెండు నెలలకు చెప్పాను. మధ్యాహ్నం, వరండాలో. ఆయన తెగిన కాలుకి గుడ్డపట్టీ చుట్టుకుంటున్నారు. వాపు తగ్గడానికి రోజుకి రెండుసార్లు విప్పి చుట్టాలి.

"ఆ జత నేనే ఎంచాను" అన్నాను. "ఆ పెద్దాయన వద్దంటూనే ఉన్నారు. చూడటానికి బాగున్నాయని నేనే చిన్నవి తీసుకోమన్నాను."

ఆయన చేతిలో పట్టీ ఆగింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అన్నారు.

"నిన్ను ఎందుకడిగానో తెలుసా? నాకు తెలియలేదు. ఎనిమిది వేసుకున్నా, తొమ్మిది వేసుకున్నా నాకు ఒకేలా ఉంది. అసలు ఏదీ తొడుక్కున్నట్టే లేదు. ఆయన నొక్కి అడుగుతుంటే ఏం చెప్పాలో తోచలేదు. నువ్వు చూసి చెబుతావులే అనుకున్నాను."

"మీరు ఏవి బాగున్నాయి అని అడిగారు."

"అలాగే అడిగాను. తెలియట్లేదు అని ఎలా చెప్పను? నలుగురికీ షుగరు గురించి చెప్పేవాణ్ణి."

"కాళ్ళు అలా మొద్దుబారి ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళ పైనే."

ఆ మాటతో నా బరువు దిగిపోయిందని చెబితే అబద్ధం. ముందు కాస్త తేలికపడ్డాను. వెంటనే ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు పక్కపక్కన పడుకున్నాం. రోజూ ఆ సాక్సులు నేనే ఉతికాను. ఒక్క మాట అంటే ఏం పోయింది? లేచి లోపలికి వెళ్ళి పప్పు గిన్నె తోమడం మొదలుపెట్టాను. తోముతూనే ఉన్నాను. ఆయన వరండాలోంచి రెండుసార్లు పిలిచారు. మూడోసారికి వెళ్ళి, పట్టీ చివర పట్టుకుని చుట్టడానికి సాయం చేశాను. తర్వాత ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

ఆరు నెలలకు కృత్రిమ కాలు పెట్టారు. దాన్ని అమర్చే ఆయన ముందే చెప్పారు, ఏ బూటు వేసుకుంటారో అది తెచ్చుకోండి, దాని మడమ ఎత్తుని బట్టే కాలు సరిచేస్తాను, ఆ తర్వాత ఎత్తు మారిస్తే పడిపోతారు అని. మళ్ళీ బూట్లు కొనాల్సి వచ్చింది. ఆయనకి వేరే షాపు వద్దట. ఆ సందులోకే వెళ్ళాం, ఈసారి సాయంత్రం. షాపు పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టలేదు. మేమూ చెప్పలేదు.

కాగితం మీద ఎడమ పాదం పెట్టించి పెన్సిలుతో చుట్టూ గీశాను. ఆ కాగితం కత్తిరించి ప్రతి బూటు లోపలా వేసి చూశాను. మడత పడితే పక్కన పెట్టేశాను. తర్వాత చెయ్యి పెట్టి, ఒక్కో వేలూ వచ్చే చోట కుట్టు ఉందేమో తడిమాను. అరగంట పట్టింది. షాపాయన విసుక్కోలేదు. చివరికి ఒక జత దొరికింది. ముందు వైపు గంపలా వెడల్పు, లేసులకి బదులు అతుక్కునే పట్టీ. చూడటానికి ఏమీ బాగోవు. నేను ప్యాక్ చేయమన్నాను.

ఉద్యోగం పోయింది. ఇప్పుడు మా వీధి చివర మందుల షాపులో పగటిపూట కూర్చుంటున్నారు. షుగరు మాత్రలకి ఎవరొచ్చినా చీటీ తీసుకునే ముందు "కాళ్ళు చూసుకుంటున్నారా అండి?" అని అడుగుతారట. కొందరికి కోపం వస్తుందని, అలా అడగవద్దని షాపు వాళ్ళు రెండుసార్లు చెప్పారు. ఆయన మానలేదు.

రోజూ సాయంత్రం ఎడమ పాదం నా ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను. వేళ్ళ సందులు, మడమ, అడుగు. ఆయన ఆ సేపంతా గోడకేసి చూస్తూ కూర్చుంటారు. పోయిన మంగళవారం బొటనవేలి కింద గోధుమగింజంత నల్లటి మచ్చ కనిపించింది. నొక్కితే మెత్తగా ఉంది. ఆయనకేమీ తెలియలేదు. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గారు కోసి శుభ్రం చేసి, త్వరగానే తెచ్చారన్నారు. ఇంకేమీ ఇప్పుడే చెప్పలేనన్నారు. రోజు విడిచి రోజు కట్టు మార్పించాలి. రేపు మళ్ళీ వెళ్ళాలి. స్కూల్లో సగం పూట సెలవు పెట్టాను.